గాలికి గట్టు లేదు

పొరుగువాని పశువు మన చేనిలో బడి మేసినచో ఏమి చేయవలెనో మన పల్లెలలో పసివాడును ఎఱుగును. పశువును తోలుకొనివచ్చి బందెలదొడ్డిలో పెట్టుదురు. యజమాని రుసుము చెల్లించి విడిపించుకొనును. నష్టమెంతయో పెద్దమనుష్యులు చేను చూచి నిర్ణయింతురు. ఇందుకై మన దేశమున 1871లోనే చట్టము పుట్టినది. అయితే పొరుగువాడు తన చేనిలో చల్లిన కలుపుమందు గాలినెక్కి వచ్చి మన ప్రత్తియాకును ముడిచివేసినచో దానిని ఏ దొడ్డిలో పెట్టవలెను? దాని మెడకు పలుపు లేదు. దాని అడుగుజాడ నేలపై కనిపింపదు. కొన్ని దినములు గడచిన పిదప ఆకును చూచి అనుమానపడుటయే గాని, వచ్చినది ఎప్పుడు, ఎటనుండి, ఎంత యను ప్రశ్నలకు బదులుచెప్పు సాక్షి యుండడు. గాలిలోని కలుపుమందును పట్టి తూచు శాస్త్రమొక్కటే అట్టి సాక్షి కాగలదు. ఆ శాస్త్రమును గూర్చి మన భూస్వాములును, కర్షకులును, పట్టణవాసులును తెలిసికొనవలసిన కాలము వచ్చినదని మా యభిప్రాయము.

కలుపుమందును నిందించుటకు మేమీ వ్యాసమును వ్రాయుటలేదు. కలుపు తీయుటకు కూలీలు దొరకక, దొరకినను కూలి గిట్టక, అదను తప్పిపోవుచుండగా రైతు మందుడబ్బాను ఆశ్రయించినాడు. నాట్లు మాని వరిని వెదజల్లు పద్ధతి వ్యాపించినకొలది ఈ అవసరము పెరిగినది. ప్రెటిలాక్లోర్, బ్యుటాక్లోర్, పెండిమిథాలిన్, 2,4-డి, గ్లైఫోసేట్ అను పేర్లు నేడు మన పల్లెలలో యూరియా పేరువలె పరిచితములు. మందు చల్లుట తప్పని మేమనము. చల్లిన మందు ఎక్కడికి పోవుచున్నదో ఎఱుగకుండుట మాత్రము తప్పని చెప్పుచున్నాము.

ఎఱుగకుండుటవలన ఇరుగుపొరుగుల కలహము ఎంతవఱకు పోగలదో అమెరికా దేశపు అనుభవము చూపుచున్నది. అచ్చట డైకాంబా యను కలుపుమందునకు తాళుకొను ప్రత్తివిత్తనములు 2015లోను, సోయాచిక్కుడు విత్తనములు 2016లోను రైతులకు విక్రయింపబడినవి. ఆ పైరులపై చల్లదగిన క్రొత్తరకపు డైకాంబాకు మాత్రము 2016 నవంబరు వఱకు అనుమతి రాలేదు. ఈ నడుమ కొందఱు పాతరకపు మందునే చల్లిరి. పొరుగు పొలములలోని మామూలు సోయాపైరు ఆకులు దొప్పలవలె ముడుచుకొనిపోయినవి. 2016 అక్టోబరులో ఆర్కన్సా, మిస్సూరి రాష్ట్రముల సరిహద్దున ఈ మందును గూర్చిన తగవులో ఒక రైతు తుపాకిగుండుకు బలియయ్యెను. మరుసటి యేట, అనుమతి పొందిన మందునే చల్లినను, నష్టము తగ్గుటకు మాఱు పెరిగినది. 2017లో సుమారు 36 లక్షల యెకరముల సోయాపైరు దెబ్బతిన్నదని విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు అంచనా కట్టిరి. ఆర్కన్సా ప్రభుత్వము ఆ జూలైలో 120 దినములపాటు ఆ మందు విక్రయమును, వాడుకను నిలిపివేసెను.

అప్పుడు పుట్టిన వివాదము మనము గమనింపదగినది. మందు చేసిన కంపెనీలవారు, దోషము మందుది కాదు, చల్లినవానిది యనిరి: గాలివీచునప్పుడు చల్లినాడు, గొట్టపుమొన సరియైనది కాదు, డబ్బా సరిగా కడుగలేదు అని. రైతులు, మేము చీటీపై వ్రాసినట్లే చల్లితిమి, మందే ఆవిరియై లేచిపోవుచున్నది అనిరి. మాటకు మాట యెదురుగా నిలిచినప్పుడు కొలత యొక్కటే తీర్పరి. శాస్త్రజ్ఞులు ఒక సులభమైన పరీక్ష చేసిరి. మందు చల్లునప్పుడు కొన్ని మొక్కలపై బకెట్లు బోర్లించి, చల్లుట ముగిసిన పిదప తీసివేసిరి. తుంపర తగులని ఆ మొక్కలకును ఆకుముడుత వచ్చినది. తుంపర కాక మఱియొకటి గాలిలో నున్నదని తేలినది. మిస్సూరి విశ్వవిద్యాలయమువారు పంపులతో పొలముమీది గాలిని పీల్చి పరీక్షించి, చల్లుట ముగిసి దినములు గడచినను డైకాంబా గాలిలో నుండుటను కనుగొనిరి. 2020 జూన్‌లో అచ్చటి అప్పీలు న్యాయస్థానము, ప్రభుత్వపు పర్యావరణ సంస్థ నష్టమును తక్కువగా లెక్కించినదని చెప్పి, ఆ మందుల అనుమతులను కొట్టివేసెను. పిమ్మట మరల ఇచ్చిన అనుమతులను 2024 ఫిబ్రవరిలో మఱియొక న్యాయస్థానము రద్దుచేసెను. చల్లినవాని నిర్లక్ష్యమను ఒక్క మాటతో తేలిపోవలసిన వ్యవహారము, పొలమున జరిగిన పరీక్షలవలనను లెక్కలవలనను న్యాయస్థానము వఱకు పోగలిగినది.

కలుపుమందు గాలిలోనికి మూడు త్రోవల పోవును. మొదటిది తుంపర. పిచికారి గొట్టమునుండి వెడలు బిందువులలో మిక్కిలి సన్ననివి నేలకు దిగకముందే గాలివాటున కొట్టుకొనిపోవును. రెండవది ఆవిరి. ఆకుపైని, మంటిపైని పడిన మందు ఎండవేడిమికి మెల్లమెల్లగా లేచిపోవును. డైకాంబా, 2,4-డి ఎస్టరు వంటివాని కీ గుణము హెచ్చు. అదే 2,4-డి లవణరూపమున నున్నప్పుడు తక్కువ. మూడవది ధూళి. గ్లైఫోసేట్ దాదాపు ఆవిరి కాదు; కాని మందంటిన మన్ను ఎండి దుమ్మై లేచినప్పుడు దానితోపాటు ప్రయాణము చేయును. కావున ఆవిరి కాని మందు గాలిలో నుండదని తలచుట పొరపాటు.

గాలి నిలిచిన వేళ చల్లుట క్షేమమని మన రైతులనేకులు తలతురు. ఇందులో సగమే నిజము. సాయంకాలము ప్రొద్దుగ్రుంకిన పిదప నేల చల్లబడును. నేలనంటిన గాలియు చల్లబడును. దానిపైని గాలి వెచ్చగనే యుండును. అప్పుడు క్రింది గాలి పైకి లేవక, మూతపెట్టిన కుండలోని పొగవలె, నేలబారుననే యుండిపోవును. చలికాలపు సాయంకాలములందు పొయ్యిపొగ ఊరిమీద పొరగా నిలుచుట చూచినవారికి ఇది తెలియును. ఆ పొరలో చిక్కిన మందు పైకిపోయి పలుచబడక, ఏ కొద్ది కదలిక కలిగినను ప్రక్క పొలముపైకి చిక్కగానే జరుగును. నిశ్చలమైన సంధ్యవేళ గాలివేళకంటె ప్రమాదకరము కాగలదని డైకాంబా వ్యవహారమున శాస్త్రజ్ఞులు మరల మరల హెచ్చరించిరి.

ఇక గాలిలోని మందును తూచుట యెట్లు? ఒక చిన్న పంపు గాలిని నిర్ణీతమైన వేగముతో లోనికి పీల్చును. గాలి మొదట సన్నని వడపోతకాగితము గుండ పోవును; ధూళియు, తుంపరయు అచ్చట చిక్కును. పిదప నురుగుబిళ్ళ గుండను, రెసిన్ గుళికల గుండను పోవును. ఆవిరి అచ్చట చిక్కును. ఆ కాగితమును, బిళ్ళను చల్లగా భద్రపఱచి ప్రయోగశాలకు పంపుదురు. అచ్చట తగిన ద్రావకముతో మందును కడిగితీసి, క్రోమటోగ్రాఫు యంత్రమున వేఱుచేసి, మాస్ స్పెక్ట్రోమీటరుతో గుర్తించి, లెక్క కట్టుదురు. ఉదాహరణకు, పంపు నిమిషమునకు 3 లీటర్ల చొప్పున ఒక దినము పీల్చినచో 4,320 లీటర్లు, అనగా 4.32 ఘనమీటర్ల గాలి దాని గుండ పోవును. ఆ బిళ్ళలో 43.2 నానోగ్రాముల మందు దొరకినచో, ఒక ఘనమీటరు గాలిలో 10 నానోగ్రాములున్నవని అర్థము. నానోగ్రామనగా ఒక గ్రామును 100 కోట్ల వంతులు చేసినందు ఒక వంతు. విద్యుత్తు లేని చోట్ల పంపులేకయే నురుగుబిళ్ళను వాన తగులని గిన్నె క్రింద వారములకొలది వ్రేలాడదీయు పద్ధతియు కలదు. దాని లెక్క కొంత మోటు. కాని మారుమూల పల్లెకు అదియే తగినది.

ఇట్టి సూక్ష్మమైన లెక్కలో మోసపోవుట సులభము. బిళ్ళ ప్రయోగశాలనుండి వచ్చునప్పుడే మైలపడియుండవచ్చును. అందుకై గాలి పీల్చని బిళ్ళనొకదానిని పొలమునకు తీసికొనిపోయి తెచ్చి, దానినిగూడ పరీక్షింతురు. తీయునప్పుడు కొంత మందు జారిపోవచ్చును; అందుకై తెలిసిన కొలత మందును కావలెనని చేర్చి, ఎంత తిరిగివచ్చెనో చూతురు. అన్నిటికంటె ముఖ్యమైనది, యంత్రము చూడగల కనీసపు మొత్తము. దానికి తక్కువైనది యంత్రమునకు కనిపింపదు. కనిపింపలేదనగా లేదని కాదు. నివేదికలో కనిపింపలేదని వ్రాసినవాడు ఎంతవఱకు చూడగలిగెనో గూడ వ్రాయవలెను. వెదకని మందు ఎన్నడును దొరకదు. ఏయే మందులను వెదకిరో చెప్పని పరీక్షాఫలమును, తూనికరాళ్ళు చూపని వర్తకుని తూనికవలె, మనము నమ్మగూడదు.

ఈ పద్ధతుల వలన తెలిసినదేమి? అమెరికాలో మిసిసిపి, అయోవా రాష్ట్రముల వ్యవసాయప్రాంతములందు రెండు పంటకాలముల పాటు వారము వారము గాలిధూళిని, వాననీటిని పట్టి గ్లైఫోసేటుకై పరీక్షించిరి. 2011లో ప్రచురితమైన ఆ పరిశోధనలో, గాలినమూనాలలోను వాననమూనాలలోను 60 మొదలు 100 శాతము వఱకు ఆ మందు కనిపించినది. ఘనమీటరు గాలిలో హెచ్చుపాళ్ళు 9.1 నానోగ్రాములు, లీటరు వాననీటిలో 2.5 మైక్రోగ్రాములు. వారమున 30 మిల్లీమీటర్లు లేక అంతకు మించిన వాన కురిసినచో గాలిలోని గ్లైఫోసేటులో సగటున 97 శాతము కడిగివేయబడునని వారు లెక్కకట్టిరి. వాన గాలిని శుభ్రపఱచుచున్నదని సంతోషింపవచ్చును. కాని కడిగినది మాయమగుటలేదు. అది మరల నేలకును, చెరువునకును, చల్లని వాని చేనికిని దిగుచున్నది.

ఫ్రాన్సు దేశమువారు 2018 జూన్ మొదలు 2019 జూన్ వఱకు 50 చోట్ల గాలిలో 75 పురుగుమందులను, కలుపుమందులను, తెగుళ్ళమందులను వెదకిరి. గ్లైఫోసేటును వెదకిన నమూనాలలో సగమునకు మించి అది దొరకినది. మన ప్రత్తిచేలలోను, మిరపతోటలలోను వాడు పెండిమిథాలిన్ కూడ ఆ గాలిలో నున్నది. అన్నిటికంటె ఆశ్చర్యకరమైనది లిండేన్. అది కలుపుమందు కాదు, పురుగుమందు. ఫ్రాన్సున వ్యవసాయములో దానిని 1998లోనే నిషేధించిరి. ఇరువదియేండ్ల పిదపను అది గాలిలో తిరుగుచునే యున్నది. ఉత్తరువు కాగితముపై నిషేధము ఒక్క దినమున ముగియును; నేలలో దాగిన మందునకు ఆ తేదీ తెలియదు. కొలువనిచో ఈ సంగతి ఎవ్వరికిని తెలిసియుండదు.

ఈ అంకెలను చూచి పాఠకులు భయపడవలెనని మా యుద్దేశము కాదు. పెద్దవాడు దినమునకు 20 ఘనమీటర్ల గాలిని పీల్చునని తలచినను, పైన చెప్పిన హెచ్చుపాళ్ళలో వానికి చేరునది 200 నానోగ్రాములకు లోబడియే యుండును. ఇది మిక్కిలి స్వల్పము. గాలిలో మందు కనిపించుట వేఱు, దానివలన రోగము కలుగుట వేఱు. అయితే రెండు మాటలు మఱువరాదు. ఈ లెక్క వారమంతయు పీల్చిన గాలికి సగటు. మందు చల్లు కూలివాని ముక్కునొద్ద, చల్లిన గంటలో, ఎంత యుండునో అది చెప్పదు. రెండవది, మనుష్యునికి స్వల్పమైనది మొక్కకు స్వల్పము కాకపోవచ్చును. సోయామొక్క డైకాంబా మామూలు మోతాదులో 20,000 వంతులలో ఒక వంతు తగిలినను ఆకు ముడుచును. ప్రత్తికి 2,4-డి అట్టిదే. టమాటాకును, ద్రాక్షకును అది అట్టిదే.

ఇక మన యింటి సంగతి. మన దేశమున త్రాగునీటికి 2012లో ప్రకటించిన ప్రమాణమున 2,4-డి లీటరునకు 30 మైక్రోగ్రాములకు, బ్యుటాక్లోర్ 125 మైక్రోగ్రాములకు మించరాదని వ్రాసినారు. ధాన్యమునకును, కూరగాయలకును మందుల అవశేషములు ఇంతకు మించరాదను హద్దులు కలవు. కాని పీల్చు గాలికి 2009లో కేంద్రప్రభుత్వము ప్రకటించిన ప్రమాణములలో 12 పదార్థములు చెప్పబడినవి: గంధకపు వాయువు, సన్నని ధూళి, ఓజోను, సీసము, అమ్మోనియా, బెంజీను మొదలయినవి. వానిలో కలుపుమందు ఒక్కటియు లేదు. ఆ గాలిని పరీక్షించు కేంద్రములు గూడ ఎక్కువగా పట్టణములందే యున్నవి. త్రాగు నీటికి లెక్క యున్నది, తిను మెతుకునకు లెక్క యున్నది, పీల్చు ఊపిరికి మాత్రము లెక్క లేదు. గాలిలో దీపముంచి దేవుడా నీ మహిమ యనుట కిది గాక వేఱుదృష్టాంతము కావలెనా?

మన తెలుగుజిల్లాలలో ప్రత్తియు, మొక్కజొన్నయు గట్టునకు గట్టు తగిలి పండుచున్నవి. మొక్కజొన్నలోను, చెఱకులోను, వరిలోను 2,4-డిని వాడుదురు. అంగడిలో అది ఎస్టరుగను, లవణముగను దొరకును. కొనువారిలో ఎందఱికి ఈ భేదము తెలియునో పాఠకులే యోచింపవలెను. గ్లైఫోసేటు మాట వేఱు. అనుమతిలేని ప్రత్తివిత్తనముతో దాని వాడుక వ్యాపించుట చూచి 2018లో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వములు దాని విక్రయముపై ఆంక్షలు విధించినవి. 2022 అక్టోబరులో కేంద్రప్రభుత్వము, తెగుళ్ళ నివారణకై అనుమతి పొందినవారు తప్ప ఇతరులు దానిని చల్లగూడదని ఉత్తరువు చేసినది. ఈ ఉత్తరువులు మంచివియో కావో యని వాదించువారు కలరు. అవి నడచినవో లేదో యని చెప్పగలవారెవ్వరు? దుకాణపు లెక్కపుస్తకము చెప్పదు. పంటకాలమున పొలముమీది గాలిని, వాననీటిని ఏటేట పరీక్షించినచో అది చెప్పును. కొలతలేని చట్టము కావలివాడు లేని చేను.

కావున మేము కోరునది స్వల్పము. ప్రత్తి, మిరప, వరి, మొక్కజొన్న పండు ప్రాంతములందు కొన్ని గ్రామములను ఎన్నుకొని, విత్తుకాలము మొదలు కోతవఱకు గాలిని, వానను పరీక్షింపవలెను. ఇందుకు పరదేశముల మొగము చూడనక్కఱలేదు. గుంటూరు లాంలోను, హైదరాబాదు రాజేంద్రనగరులోను వ్యవసాయ విశ్వవిద్యాలయములు కలవు. తార్నాకలో భారత రసాయన సాంకేతిక సంస్థ కలదు. పంటలోని అవశేషములను తూచగల దేశము గాలిలోని వానిని తూచలేదా? చలిదేశముల లెక్కలను తెచ్చి మన వైశాఖపుటెండకు అన్వయించుట తగదు. వేడిమి పెరిగినకొలది ఆవిరియు పెరుగును. మందు అమ్మువాడే తెచ్చి చూపు అంకెలపై ఆధారపడుట అంతకంటెను తగదు. మన గాలిని మనము తూచుకొనుటయు స్వరాజ్యములో ఒక భాగమే. తూచిన ఫలితములను గ్రామపంచాయతి గోడపై తెలుగులో ప్రకటింపవలెను. ఆంగ్లనివేదికయై బీరువాలో చేరినచో తూచియు తూచనట్లే.

ప్రభుత్వము కదలువఱకు రైతులు ఊరకుండనక్కఱలేదు. ప్రత్తిమొక్కలను, టమాటామొక్కలను కుండీలలో పెంచి ఊరి నాలుగుదిక్కుల పొలిమేరలందు ఉంచినచో, 2,4-డి వంటి మందు వచ్చినప్పుడు వాని ఆకులు ముందుగా చెప్పును. ఎంత వచ్చినదో చెప్పలేవు. వచ్చినదని మాత్రము చెప్పును. అన్ని మందులకును ఈ సాక్ష్యము పనికిరాదు. చీడపీడలవలనను ఆకు ముడుచును గనుక చూచువాడు తెలిసినవాడై యుండవలెను. ప్రతి కమతమునందు ఏ దినమున, ఏ వేళ, ఏ మందు, ఎంత, గాలి ఎటనుండి వీచుచుండగా చల్లిరో ఒక చిన్న పుస్తకమున వ్రాసియుంచుట మఱియొకటి. ఇందులకు ఖర్చు లేదు.

భూస్వాములలో కొందఱు, కొలత మొదలుపెట్టిన తగవులు మన మెడకే చుట్టుకొనునని భయపడవచ్చును. నిజము దీనికి విరుద్ధము. కొలత లేనిచోట అనుమానము అందఱిపైని వ్రాలును. వేళయెఱిగి, మోతాదెఱిగి, గాలిదిక్కు చూచి చల్లినవాడును, అర్ధరాత్రి చాటుగా చల్లినవాడును పొరుగువాని కన్నులకు ఒక్కటియే. జాగ్రత్తగా నడచుకొన్నవానిని విడిపింపగల సాక్షి లెక్కయే. చల్లు కూలివాడును, గట్టునవతల చిన్నరైతును, బడికి పోవు బిడ్డయు ఆ గాలినే పీల్చుచున్నారు. వారి పక్షమున పలుకుటకు పంపును, నురుగుబిళ్ళయు తప్ప నేడు వేఱుదిక్కు లేదు.

పూర్వులు పొలమునకు గట్టుపోసి, ఊరికి పొలిమేరరాయి నాటి, నీటికి వంతు నిర్ణయించి కలహములు తీర్చుకొనిరి. గాలికి గట్టు పోయుట ఎవ్వరితరమును కాదు. దానిలో ఏమి కలిసి వచ్చుచున్నదో తూచి తెలిసికొనుట మాత్రము మన తరమే. రానున్న ఖరీఫు విత్తనములు నేలబడులోపల ఈ పని ఒక్క జిల్లాలోనైనను మొదలుపెట్టవలసినదిగా ఉభయ ప్రభుత్వములను, వ్యవసాయ విశ్వవిద్యాలయములను మేము కోరుచున్నాము.